పిండి కొద్దీ రొట్టె: బొమ్మ రొట్టెల బేకింగ్ పెట్టెపై సమీక్ష

పిల్లలతో కలిసి ఇంట్లో జంతువుల ఆకారంలో రొట్టెలూ, బొమ్మల కుకీలూ చేసుకోవడానికి కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో సర్ది అమ్మే బేకింగ్ కిట్ ఒకటి రెండు నెలల క్రితం మా ఇంటికి చేరింది. పెట్టె మూత మీద నునుపైన చెంపలతో నవ్వుతున్న ఎలుగుబంటి రొట్టె, దాని పక్కన అంచు చెదరని నక్షత్రాల కుకీలు, వాటి చుట్టూ చేతులకు పిండి అంటకుండా శుభ్రంగా కూర్చున్న ఒక కుటుంబం కనిపిస్తాయి. ఈ రెండు నెలల్లో తొమ్మిదేళ్ల మా అమ్మాయి, ఐదేళ్ల మా అబ్బాయి, నేను కలిసి దాదాపు ప్రతి ఆదివారం ఆ పెట్టె తెరిచాము. కుకీల విషయంలో అది చెప్పిన మాట చాలావరకు నిలబెట్టుకుంది. రొట్టెల విషయంలో మాత్రం వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్న సామెత మా వంటగదిలో కనీసం నాలుగు వారాలు అక్షరాలా నిజమైంది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి పెట్టెలు చాలామంది తయారు చేస్తున్నారు, నేను చూసినంతలో వాటి గుణాలూ లోపాలూ ఇంచుమించు ఒకే రకంగా ఉన్నాయి.

లోపల ఏమున్నాయో ముందు చెబుతాను. స్టెయిన్‌లెస్ స్టీలు కటర్లు 12, రెండు చివరలా తొడిగే ఉంగరాలతో ఒక కర్ర, ఎలుగుబంటి ముఖం ఆకారంలో సిలికాన్ అచ్చు ఒకటి, పిండి పరుచుకోవడానికి సిలికాన్ చాప, చిన్న డిజిటల్ త్రాసు, మొన తేలని కత్తెర, సిలికాన్ బ్రష్, ఐసింగ్ వేసే సంచి, దానికి నాలుగు నాజిళ్లు, ఈస్ట్ పొట్లాలు రెండు, వంటకాల కార్డులు 24. పిండి, పంచదార, వెన్న వంటివి మనమే తెచ్చుకోవాలి. సామగ్రి నాణ్యత మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కటర్ల అంచులు పదునుగా ఉన్నాయి, పై అంచును మడిచినందువల్ల చిన్నపిల్లల అరచేతికి గుచ్చుకోవు, కడిగి తుడవడం మరిచిపోయినా ఇంతవరకు తుప్పు పట్టలేదు. చాప జారదు. బ్రష్ మాత్రం అలంకారానికే పనికివస్తుంది, ఎందుకంటే దాని పోగులు లావుగా ఉండి పాలను పలుచగా పూయవలసిన చోట మడుగులు కట్టిస్తాయి.

పెట్టె మొత్తంలో అన్నిటికన్నా సాదాగా కనిపించే వస్తువే అన్నిటికన్నా విలువైనదని మూడో వారానికి నాకు అర్థమైంది. అది ఉంగరాల కర్ర. అప్పడాల కర్ర వంటిదే, కాని దాని రెండు కొసలకూ 3, 6, 10 మిల్లీమీటర్ల మందాన్ని నిలిపే ప్లాస్టిక్ ఉంగరాల జతలు తగిలించుకోవచ్చు. ఉంగరం బల్లకు తగిలిన తరువాత కర్ర ఇంక కిందికి దిగదు కనుక, ఐదేళ్ల పిల్లవాడు తన బరువంతా వేసి నెట్టినా పిండి ఒకే మందంలో పరుచుకుంటుంది. కుకీలు చేసేటప్పుడు పెద్దలు పడే బాధల్లో సగం ఇక్కడే తీరిపోతాయి. ఒకే ట్రేలో ఒక కుకీ మాడి, పక్కది పచ్చిగా ఉండిపోవడానికి ఓవెన్‌ను తిట్టుకుంటాము గాని, చాలాసార్లు ఆ రెంటి మందంలో ఉన్న తేడాయే అసలు కారణం. పైగా పిల్లవాడి చేతిలోంచి కర్ర లాక్కుని సరిచేయవలసిన అవసరం పెద్దలకు రాదు. బొమ్మ కుకీలకు 6 మిల్లీమీటర్ల ఉంగరం సరిపోతుంది, 3 మిల్లీమీటర్లది బిస్కెట్‌లా కరకరలాడాలనుకున్నప్పుడు పనికివస్తుంది. 10 మిల్లీమీటర్ల ఉంగరం ఎందుకిచ్చారో కార్డుల్లో ఎక్కడా లేదు, మేము దాన్ని రొట్టెల పిండిని దీర్ఘచతురస్రంగా పరచి గొంగళిపురుగులు చుట్టడానికి వాడుకున్నాము. ఒక ఉంగరం ఐదో వారంలో చిట్లింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

కటర్ల ఎంపికలో ఆలోచన తక్కువగా కనిపించింది. చేప, పిల్లి తల, మేఘం, కారు వంటి గుండ్రని ఒడ్డు గల ఆకారాలు మొదటిసారే చక్కగా వచ్చాయి. జిరాఫీ, దుప్పి, సాలీడు మాత్రం పెట్టెలో ఉన్నంతసేపే అందంగా ఉంటాయి. జిరాఫీ మెడ వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు కూడా లేదు. అంత సన్నని పిండి ముక్క ట్రే మీదికి ఎక్కేలోపే సాగిపోతుంది, ఎక్కిన తరువాత మిగతా శరీరం కాలేలోపే ఎర్రబడుతుంది, చల్లారిన తరువాత ముట్టుకుంటే విరుగుతుంది. కుకీ అంచులనుంచి లోపలికి కాలుతుంది కనుక, ఒకే బొమ్మలో లావైన పొట్టా సన్నని కాళ్లూ ఉంటే ఆ రెండూ ఒకే నిమిషంలో సిద్ధం కావడం కష్టం. ఆకారాన్ని కాగితం మీద గీసిన వ్యక్తి దాన్ని ఒక్కసారైనా కాల్చి చూశాడా అన్న అనుమానం నాకు ఇంకా ఉంది. మా అమ్మాయి మటుకు మెడ విరిగిన జిరాఫీలన్నిటినీ ఒక పళ్లెంలో పేర్చి దానికి ఆసుపత్రి అని పేరు పెట్టింది, ఐసింగ్‌తో కట్లు కట్టింది, ఆ రోజు అన్నిటికన్నా ముందు ఖాళీ అయిన పళ్లెం అదే.

కుకీల కార్డులోని కొలతలు నమ్మదగినవి: మైదా 250 గ్రాములు, వెన్న 125, పంచదార పొడి 100, గుడ్డు ఒకటి, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను. ఇందులో బేకింగ్ పౌడర్‌ను నేను రెండోసారినుంచి పూర్తిగా మానేశాను. బేకింగ్ పౌడర్ పని పిండిలో వాయువు పుట్టించి ఉబ్బించడం. మెత్తని కేకుకు అది ప్రాణం, అంచులు గీసినట్లు నిలవవలసిన బొమ్మ కుకీకి అదే శత్రువు. అది తీసేసిన వారం మా నక్షత్రాలకు మొదటిసారి ఐదు మొనలూ కనిపించాయి. కార్డు ఈ సంగతి చెప్పి ఉండవలసింది.

ఆకారం నిలవడంలో రెండో రహస్యం చల్లదనం, దాన్ని కూడా కార్డు ఒక్క వాక్యంలో తేల్చేసింది. వెన్నలో ఐదింట నాలుగు వంతులు కొవ్వే. అది 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా కరిగిపోతుంది, అంటే పిల్లల వేళ్ల వేడికే మెత్తబడడం మొదలుపెడుతుంది. ఓవెన్‌లోకి వెళ్లిన కుకీలో పిండి గట్టిపడేలోపు వెన్న కరిగి పారితే బొమ్మ పరుచుకుపోయి మరకలా తయారవుతుంది. అందువల్ల పిండిని కలిపిన వెంటనే రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి పరిచేసి, పరిచిన దాన్ని అలాగే ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, కోసిన తరువాత ట్రేతో సహా మళ్లీ పావుగంట చల్లబరచి కాల్చడం మేలు. కార్డులో చెప్పినట్లు ముద్దను చల్లబరచి తరువాత పరచబోతే అది రాయిలా ఉండి పిల్లల చేతికి లొంగదు, పెద్దలు బలం ఉపయోగించేలోపు మళ్లీ వేడెక్కుతుంది. మొదటి వాయి దింపిన వేడి ట్రే మీదనే రెండో వాయి పేర్చకూడదన్నది కూడా మేము అనుభవం మీదే నేర్చుకున్నాము. ఆ వాయిలో చేపలన్నీ ఓవెన్ తలుపు మూయకముందే కరగడం మొదలుపెట్టాయి.

కాల్చే వేడి 175 డిగ్రీలు, సమయం 10 నుంచి 12 నిమిషాలు అన్న సూచన సరైనదే, మన ఓవెన్ అంకె నిజం చెబుతున్నట్లయితే. మొదటి రెండు వారాలూ మా కుకీలు పావుగంటకు కూడా పాలిపోయి ఉంటే విడిగా ఒక ఓవెన్ థర్మామీటర్ తెచ్చి లోపల పెట్టి చూశాను. బయట 180 అని తిప్పితే లోపల 165 దగ్గరే ఆగింది. ఇళ్లలో వాడే ఓవెన్లలో పది పదిహేను డిగ్రీల తేడా అరుదేమీ కాదు. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే చెప్పిన వేడికన్నా దాదాపు 20 డిగ్రీలు తగ్గించుకోవాలి, కార్డుల్లోని అంకెలు ఏ రకం ఓవెన్‌కు చెప్పినవో ఎక్కడా రాయలేదు. నాలుగు నాజిళ్లకు బదులు రెండే ఇచ్చి, ఆ చోట ఒక థర్మామీటర్ పెట్టి ఉంటే ఈ పెట్టె విలువ రెట్టింపయ్యేది.

ఇక రొట్టెల సంగతి. ఈ పెట్టెను చాలామంది కొనేది వీటికోసమే, నేను ఎక్కువగా విమర్శించవలసి వస్తున్నదీ ఇక్కడే. పిండి కొద్దీ రొట్టె అని మనవాళ్లు ఊరికే అనలేదు. రొట్టె బొమ్మలో ఆకారం కటర్‌లోనూ లేదు, కత్తెరలోనూ లేదు, పిండి గట్టిదనంలోనూ అది పొంగే తీరులోనూ ఉంది. తయారీదారు మాత్రం డబ్బంతా ఉక్కు మీదా సిలికాన్ మీదా పెట్టి, పిండి గురించి చెప్పవలసిన మాటల్లో పిసినారితనం చూపాడు.

మొదటి ఆదివారం రొట్టె అసలు పొంగలేదు. కార్డులో ఈస్ట్‌ను వేడి పాలలో కలపాలని ఉంది, ఎంత వేడి అన్నది లేదు. పొయ్యి మీదనుంచి దించిన పాలలో నేను ఈస్ట్ పోశాను. ఈస్ట్ అంటే ప్రాణమున్న సూక్ష్మజీవి. 38, 40 డిగ్రీల గోరువెచ్చదనంలో హాయిగా మేల్కొంటుంది, 55 నుంచి 60 డిగ్రీల మధ్య చచ్చిపోతుంది. రెండు గంటలు కాచుకుని కూర్చున్నా ముద్ద ముద్దగానే ఉంది. అరగంటకొకసారి వచ్చి గుడ్డ ఎత్తి చూసిన మా అబ్బాయి చివరికి, "నాన్నా, అది నిద్రపోతోందా, లేవదా?" అని అడిగితే నిజం చెప్పలేకపోయాను. పాల చుక్క మణికట్టు మీద వేసుకుంటే వేడీ చల్లదనమూ రెండూ తెలియని స్థితిలో ఉండాలి అన్న ఒక్క వాక్యం కార్డులో ఉంటే ఆ ఆదివారం మిగిలేది.

రెండో ఆదివారం పిండి పొంగింది, అతిగా పొంగింది. కార్డు ప్రకారం 300 గ్రాముల మైదాకు 210 మిల్లీలీటర్ల పాలు, 30 గ్రాముల వెన్న, 30 గ్రాముల పంచదార, 5 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. అచ్చులో పోసి కాల్చే మెత్తని రొట్టెకు ఈ పాళ్లు బాగుంటాయి. చేత్తో చెవులూ తోకలూ చేసి నిలబెట్టవలసిన రొట్టెకు ఇంత పలుచని పిండి పనికిరాదు. మేము చేసిన తాబేలు ఓవెన్‌లోంచి బయటికి వచ్చేసరికి కాళ్లు పొట్టలో కలిసిపోయి, తల ఒక బొడిపెలా మిగిలింది. పాలను 170 మిల్లీలీటర్లకు తగ్గించిన తరువాత పిండి మా చెప్పుచేతల్లోకి వచ్చింది. పది పన్నెండు నిమిషాలు బాగా పిసికి, చిన్న ముక్క తీసి సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనిపించేంత పలుచగా సాగాలి. పిల్లలు పిసకడానికి పోటీపడతారు గాని మూడు నిమిషాలకు ఆసక్తి పోతుంది, మిగతా తొమ్మిది నిమిషాలూ పెద్దలవే.

ఎంతసేపు పొంగనివ్వాలి అన్న ప్రశ్నకు కార్డులన్నీ గంట అని ఒకే జవాబు చెబుతాయి. గది 27 డిగ్రీలు ఉన్న రోజు గంట సరిపోయింది, చల్లగా ఉన్న రోజు రెండు గంటలకు దగ్గరగా పట్టింది. గడియారాన్ని కాక పిండిని చూడాలి. పిండి పూసుకున్న వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా సగం వరకు తిరిగి లేచినప్పుడు సిద్ధమైనట్లు, వెంటనే ఎగిరి మూసుకుపోతే ఇంకా సమయం కావాలి, అసలు లేవకపోతే దాటిపోయినట్లు. బొమ్మలు చేసిన తరువాత రెండోసారి పొంగనిచ్చేటప్పుడు రెట్టింపు కావాలని కార్డు చెప్పిన మాట వినకూడదు. ఒకటిన్నర రెట్ల దగ్గర ఆపి ఓవెన్‌లో పెట్టాలి. ఓవెన్ వేడికి మొదటి కొన్ని నిమిషాల్లో పిండి ఎలాగూ ఇంకొంత ఉబ్బుతుంది, అప్పటికే రెట్టింపైన ముఖంలో కళ్లూ ముక్కూ ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వస్తుంది.

ఆకారం చేస్తున్నప్పుడు పిండి రబ్బరులా వెనక్కి లాక్కుంటే పిల్లలు కోపంతో ఇంకా గట్టిగా లాగుతారు, అది చిరుగుతుంది. గుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేస్తే పిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే ప్రోటీన్ సడలి అది మళ్లీ మాట వింటుంది. ఇది తెలియని రోజున మా ఇంట్లో ఒక కుందేలు చెవి విషయమై అక్కా తమ్ముళ్ల మధ్య యుద్ధమే జరిగింది. చెవులను విడిగా చేసి అతికిస్తే కాలేటప్పుడు ఊడిపోతాయి. తడి చేసి, కొసను మేకులా చేసి తలలో గుంట పెట్టి దించితే కొంత నిలుస్తాయి. అన్నిటికన్నా మంచిది అతికించే భాగాలు లేని బొమ్మను ఎంచుకోవడం.

అటువంటి బొమ్మ ఈ పెట్టెలో ఒకటుంది, దానికోసమే నేను ఈ కత్తెరను మెచ్చుకుంటున్నాను. ముళ్లపంది. దాదాపు 60 గ్రాముల ముద్దను కోడిగుడ్డు ఆకారంలో చుట్టి, ఒక కొసను ముక్కులా సాగదీసి, రెండోసారి పొంగిన తరువాత కత్తెరను ఏటవాలుగా పట్టుకుని వీపంతా చిన్నచిన్న కత్తిరింపులు వేస్తే ముళ్లు లేచి నిలబడతాయి. మొన తేలని కత్తెర కనుక ఐదేళ్ల పిల్లవాడికి కూడా ఇవ్వవచ్చు, కాని దాని పదును సరిపోతుంది. తరువాత 180 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు కాల్చాలి, లోపలి వేడి 88 డిగ్రీలు దాటితే రొట్టె సిద్ధమైనట్లు. ముళ్ల కొసలు ముందుగా ఎర్రబడి, పళ్లెంలో పెట్టగానే నిజంగానే ఏదో జంతువులా కనిపిస్తుంది. పాలో గుడ్డో పూసేటప్పుడు మాత్రం కత్తిరింపుల్లోకి పోనివ్వకూడదు, పోతే ముళ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ దండగమారి బ్రష్‌తో ఇది సాధ్యం కాలేదు, చిన్న బొమ్మల కుంచెను కొత్తది తెచ్చి ఇందుకే కేటాయించాము. మొదటి ముళ్లపందిని చూసి మా అమ్మ, "ఎలుక బాగా వచ్చిందిరా" అంది. "ఎలుక కాదు నాయనమ్మా, ముళ్లపంది, కాకపోతే నిద్రపోతోంది" అని మా అబ్బాయి దిద్దాడు. మరుసటి వారం ముళ్లు రెండింతలు వేశాడు.

కళ్ల విషయంలో కార్డు పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. కాల్చే ముందు ఎండుద్రాక్షలు అద్దమని చెబుతుంది. పిండి ఉబ్బినప్పుడు పైపైన అద్దినవన్నీ బయటికి తన్నుకొచ్చి రాలిపోతాయి, రాలనివి మాడి చేదెక్కుతాయి. పుల్లతో లోతుగా గుంట చేసి అందులోకి దించితే కొంత నిలుస్తాయి. రొట్టె పూర్తిగా చల్లారాక కరిగించిన చాక్లెట్‌ను పుల్ల కొసతో చుక్కలా పెట్టడమే తేలికైన పద్ధతి. కళ్లు పెట్టే పని చివరికి మిగలడంలో ఇంకో లాభం ఉంది. ప్రతి పిల్లకూ తన రొట్టెకు తనకు నచ్చిన చూపు ఇచ్చుకునే అవకాశం దొరుకుతుంది, ఒక రొట్టె దిగులుగా చూస్తుంది, ఇంకొకటి దొంగచూపులు చూస్తుంది.

మూత మీది ఎలుగుబంటిని ఇచ్చే సిలికాన్ అచ్చు నిరాశపరిచింది. 220 డిగ్రీల వరకు తట్టుకుంటుందని దాని అడుగున ముద్రించారు, తట్టుకుంది కూడా. కాని సిలికాన్ వేడిని లోహంలా చురుకుగా పిండికి చేర్చదు. అచ్చుకు ఆనుకున్న వైపే ఎలుగుబంటి ముఖం కనుక, రొట్టె బోర్లించగానే పాలిపోయిన, చెమ్మగిల్లిన ముఖం ఎదురవుతుంది. చివరి ఐదు నిమిషాలు అచ్చులోంచి తీసి ట్రే మీద నేరుగా కాలిస్తే రంగు వస్తుంది, ఈ ఉపాయం కార్డులో లేదు. అచ్చుకు సగానికి మించి పిండి నింపితే ముఖం వెనుక ఒక పెద్ద గూని లేస్తుంది.

త్రాసు ఒక గ్రాముకు తక్కువ చూపదు. పిండికీ వెన్నకూ అది చాలు, 3 గ్రాముల ఈస్ట్ తూచడానికి చాలదు. రెండున్నర అయినా మూడున్నర అయినా ఒకేలా చూపించగల త్రాసును నమ్ముకుంటే ఒక వారం పొంగినట్లు ఇంకొక వారం పొంగదు. ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూను సుమారు 3 గ్రాములని గుర్తుపెట్టుకుంటే సరి. అయినా త్రాసు ఇచ్చినందుకు నాకు సంతోషమే. కప్పులో పిండిని వదులుగా పోస్తే 120 గ్రాములు, దట్టించి పోస్తే 150 దాకా పడుతుంది. పిల్లలు దట్టించకుండా పోయడం నేను చూడలేదు. విచిత్రమేమిటంటే, త్రాసు ఇచ్చిన ఈ పెట్టెలోనే 24 కార్డుల్లో తొమ్మిది కప్పుల్లో కొలతలు చెబుతాయి.

రంగుల కార్డు సరదాగా ఉంది గాని సగమే నిజం. పసుపు, కోకో బాగా నిలుస్తాయి. బీట్‌రూట్ రసంతో కలిపిన పిండి పచ్చిగా ఉన్నప్పుడు చూడముచ్చటైన గులాబీ రంగులో ఉంటుంది. ఆ రంగు వేడికి తాళలేదు, కాలిన తరువాత లేత గోధుమ రంగు మిగులుతుంది. దాన్ని పంది రొట్టెకు వాడమని చెప్పిన కార్డును నమ్మి మా అమ్మాయి చాలా బాధపడింది. కోకో కలిపితే పిండి నీటిని ఎక్కువగా పీల్చుకుని బిరుసెక్కుతుంది కనుక పది గ్రాముల కోకోకు మరో రెండు టీస్పూన్ల పాలు చేర్చాలి, లేకపోతే తెల్ల పిండీ నల్ల పిండీ కలిపి చుట్టిన చోట చిరుగులు వస్తాయి. వంటసోడా ఉన్న కుకీ పిండిలో పసుపు వేస్తే ఎర్రటి మచ్చలు పడతాయి, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది కాబట్టి. మేము పొరపాటున కనిపెట్టిన ఈ సంగతిని పిల్లలు తరువాత కావాలని చేశారు, ఆ మచ్చల చేపలకు అనారోగ్యమని కథ అల్లారు.

ఐసింగ్ సంచీ నాజిళ్లూ సరిపోతాయి. ఐసింగ్‌లో చెంచాతో గీత గీస్తే పది పదిహేను క్షణాల్లో మాసిపోయేంత పలుచన ఉంటే కుకీ మీద నిండుగా పరుచుకుంటుంది, అంచు గీతకు దానికన్నా చిక్కగా ఉండాలి. పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి పడుతుందని కార్డు చెప్పింది, ఐదేళ్ల పిల్లవాడికి ఆ మాట చెప్పవలసిన బాధ్యత మాత్రం మనకు వదిలేసింది.

అన్నిటికన్నా తీవ్రమైన లోపం భద్రతకు సంబంధించింది. ఐసింగ్ కార్డులో పచ్చి గుడ్డు తెల్లసొన వాడమన్నారు, పచ్చి గుడ్డులో ఉండగల సాల్మొనెల్లా అనే హానికరమైన బాక్టీరియా గురించి ఒక్క మాట లేదు. కార్డుల మీది ఫోటోల్లో ఒక పిల్లవాడు గరిటెకు అంటిన పచ్చి పిండిని నాకుతూ కనిపిస్తాడు. గుడ్డు లేకపోయినా పచ్చి పిండి తినకూడదు, ఎందుకంటే పిండి వేడి తగిలిన పదార్థం కాదు, అందులో కూడా హానికరమైన బాక్టీరియా ఉండవచ్చు. మేము పంచదార పొడిని పాలతోనూ కొన్ని నిమ్మరసం చుక్కలతోనూ కలుపుకుని పని నడుపుకున్నాము. అది తెల్లసొనతో చేసే రాయల్ ఐసింగ్‌లా గట్టిగా ఆరదు, మా పళ్లెంలో అంతసేపు ఆరవలసిన అవసరం కూడా రాలేదు. నాలుగేళ్లలోపు పిల్లలున్న ఇళ్లలో కళ్లకు పెట్టే ఎండుద్రాక్షలూ, గట్టి మిఠాయి పూసలూ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉందన్న హెచ్చరిక కూడా పెట్టె మీద ఉండవలసింది.

చిట్లిన ఉంగరం గురించి రాస్తే తయారీదారు వారం లోపల కొత్త జత పంపాడు, అందుకు మెచ్చుకోవాలి. అదే ఉత్తరంలో పచ్చి పిండి ఫోటో గురించీ పాల వేడి గురించీ కూడా రాశాను. ఉంగరాలతోపాటు వచ్చిన జవాబులో వాటి ప్రస్తావన లేదు.

మిగిలిన రొట్టెలను ఫ్రిజ్‌లో దాచమన్న చివరి కార్డు సలహాను కూడా పాటించనక్కర్లేదు. ఫ్రిజ్ చల్లదనంలో రొట్టె బయట ఉన్నదానికన్నా తొందరగా బిరుసెక్కుతుంది. రెండు రోజుల్లో తినగలిగితే మూత ఉన్న డబ్బాలో బయటే ఉంచాలి, అంతకు మించితే ఫ్రీజర్‌లో పెట్టి కావలసినప్పుడు వేడి చేసుకోవాలి. ఐసింగ్ వేయని కుకీలు గాలి చొరని డబ్బాలో వారం దాటి కరకరలాడతాయి.

ఓవెన్ వాడకం కొంత తెలిసి, కార్డులను వేదవాక్యాలుగా తీసుకోకుండా దిద్దుకోగల వారికి ఈ పెట్టె కొనమని చెబుతాను. మొదటిసారి బేకింగ్ మొదలుపెడుతున్న వారు, ముఖ్యంగా రొట్టెల మీద ఆశతో కొనాలనుకునే వారు, ఉంగరాల కర్రను, పదో వంతు గ్రాము చూపే చిన్న త్రాసును, ఓవెన్ థర్మామీటర్‌ను, నాలుగైదు గుండ్రని ఒడ్డు కటర్లను విడిగా కొనుక్కోవడం మంచిది. వంటింట్లో ఉన్న శుభ్రమైన కత్తెర ముళ్లపందికి సరిపోతుంది. ఐదుకు నేను మూడు ఇస్తాను, అందులో ఒకటిన్నర ఒక్క కర్రకే. 12 కటర్లలో మేము ఇప్పటికీ వాడుతున్నవి ఐదు. జిరాఫీని మా అబ్బాయి బంకమట్టితో ఆడుకోవడానికి తీసుకుపోయాడు, మట్టిలో మటుకు దాని మెడ విరగడం లేదట.